మిస్ మార్పుల్ చేసేది పరిశోధనా, అరుగు మీది ముచ్చట్లా? ఒక పల్లెటూరి హత్య కథ చదువుతూ వచ్చిన సందేహాలు

ప్రశ్న: నల్లగొండ పాఠకుడు

అందరికీ నమస్కారం. నల్లగొండలో కొద్దిమందిమి కలిసి నెలకొక పుస్తకం చదివి, దాని గురించి కూర్చుని మాట్లాడుకునే అలవాటు పెట్టుకున్నాం. మాలో ఎక్కువమంది పదవీ విరమణ చేసినవాళ్ళు. ఇంతవరకు తెలుగు పుస్తకాలే చదివిన మేము, ఈ నెల ఒక మిత్రుడి బలవంతం మీద అగాథా క్రిస్టీ నవల 'ది మర్డర్ ఎట్ ది వికారేజ్' చేపట్టాం. 1930లో వెలువడిన ఈ పుస్తకం, మిస్ మార్పుల్ అనే వృద్ధురాలు నేరాన్ని ఛేదించే మొదటి నవల.

చదవనివారి కోసం రెండు మాటలు. కథ సెయింట్ మేరీ మీడ్ అనే ఇంగ్లీషు పల్లెలో జరుగుతుంది. ఆ ఊరి చర్చి గురువు లెనార్డ్ క్లెమెంట్ కథ చెబుతుంటాడు. ఊళ్ళో ఎవరికీ గిట్టని కల్నల్ ప్రొథెరో ఒక సాయంత్రం ఆ గురువు గారింట్లోనే, ఆయన చదువుకునే గదిలో, రాతబల్ల మీద వాలిపోయి, తలలో తుపాకి గుండుతో చనిపోయి కనిపిస్తాడు. విచిత్రమేమిటంటే, ఆ కల్నల్‌ను ఎవరైనా చంపితే లోకానికి మేలు చేసినట్టేనని అంతకు కొద్దిముందే భోజనాల దగ్గర నోరు జారినవాడు ఈ గురువే.

మా ఇబ్బంది మొదట మనుషుల సంఖ్యతో మొదలయింది. నాలుగు అధ్యాయాలు దాటేసరికి ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక మాలో ఒకాయన పుస్తకం పక్కన పెట్టేశారు. విచారణ పద్ధతి కూడా మాకు కొరుకుడు పడలేదు: ఒకవైపు ఇన్‌స్పెక్టర్, ఇంకోవైపు కల్నల్ మెల్చెట్ అనే పై అధికారి, మధ్యలో ఇన్‌క్వెస్ట్ అంటూ మరొక కార్యక్రమం. అయితే అసలు వాదం పెట్టింది మా బృందంలోని లెక్కల మాస్టారు. ఆయన కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని చదివిన తరం మనిషి. డిటెక్టివ్ అంటే అదే వృత్తిగా బతికే యుగంధర్, పక్కన అసిస్టెంటు రాజు. ఈ పెద్దావిడకు వృత్తి లేదు, అధికారం లేదు, తోట వదిలి పెద్దగా కదలదు. పైగా ఎవరిని చూసినా, ఈయన మా ఊళ్ళో ఫలానా మనిషిలాగా ఉన్నాడు, వాడు అప్పట్లో ఇట్లా చేశాడు కనుక ఈయనా అంతే చేసి ఉంటాడు అన్న ధోరణిలో మాట్లాడుతుంది. ఇది పరిశోధన కాదు, అరుగు మీద కూర్చుని చెప్పుకునే ముచ్చట అని మాస్టారి తీర్పు. ఆయనకు ఏమని జవాబు చెప్పాలో మీలో చదివినవారు సెలవియ్యగలరు. హంతకులెవరో మాత్రం దయచేసి బయటపెట్టవద్దు. మేము సగంలోనే ఉన్నాం.

జవాబు: పాలమూరు టీచరమ్మ

నమస్కారమండీ. పుస్తకం పక్కన పెట్టేసిన ఆ పెద్దాయనను ముందుగా ఓదార్చండి. క్రిస్టీ స్వయంగా తన ఆత్మకథలో ఈ నవలను తలచుకుంటూ, ఇందులో పాత్రలూ ఉపకథలూ మరీ ఎక్కువైపోయాయని రాసుకున్నది. కనుక తప్పు చదివేవారిది కాదు.

నేను దీన్ని చదివేటప్పుడు పేర్ల జాబితా రాసుకోలేదు, ఊరి పటం గీసుకున్నాను. కొత్త ఊరికి వెళ్ళినప్పుడు మనుషులను మనం ఇళ్ళను బట్టి గుర్తుపెట్టుకుంటాం గదా, ఇక్కడా అదే పనికొస్తుంది. మధ్యలో చర్చి గురువు ఇల్లు పెట్టండి: అందులో ఆయన, ఆయనకంటే వయసులో చాలా చిన్నదైన భార్య గ్రిసెల్డా, మేనల్లుడు డెనిస్, వంట చేతకాని పనిమనిషి మేరీ. ఆ ఇంటి తోటకు ఆనుకొని మిస్ మార్పుల్ ఇల్లు. తోటలోని చిన్న గదిలో బొమ్మలు గీసుకునే చిత్రకారుడు లారెన్స్ రెడింగ్. కొంచెం ఎడంగా ఓల్డ్ హాల్ అనే బంగళా, అందులో కల్నల్, ఆయన రెండో భార్య ఆన్, మొదటి భార్య కూతురు లెటిస్. వీళ్ళు కాక మిసెస్ ప్రైస్ రిడ్లీ, మిస్ వెదర్బీ, మిస్ హార్ట్‌నెల్ అనే ముగ్గురు పెద్దావిడలు ఉంటారు. మొదటి చదువులో వాళ్ళను విడివిడిగా గుర్తుపెట్టుకోకపోయినా నష్టం లేదు, ముగ్గురినీ కలిపి 'ఊరి నోరు' అనుకోండి. మిగతావారు కథ నడిచేకొద్దీ వాళ్ళ చోట్లలో వాళ్ళే కుదురుకుంటారు.

మీ బృందంలో ఎవరికైనా చర్చి గురువుకు పెళ్ళామేమిటన్న సందేహం కూడా వచ్చి ఉండవచ్చు. మన దగ్గర కాథలిక్ ఫాదర్లు పెళ్ళి చేసుకోరు గనుక ఆ ఆశ్చర్యం సహజమే. ఈయన ఇంగ్లండు ఆంగ్లికన్ చర్చికి చెందినవాడు, అక్కడ గురువులు సంసారులుగా ఉండవచ్చు. 1947లో ఏర్పడిన మన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో కలిసిన శాఖలలో ఆంగ్లికన్లూ ఉన్నారు. మెదక్ వైపు సి.ఎస్.ఐ. అయ్యగార్ల కుటుంబాలను చూసినవారికి క్లెమెంట్ గారి ఇల్లు అంత వింతగా అనిపించదు.

ఇక ఈ రచయిత్రి పనితనం చూడాలంటే ఆ చదువుకునే గదిలోని రాతబల్ల దగ్గర కాసేపు ఆగండి. బల్ల మీద కల్నల్ రాస్తూ ఆపేసిన చీటీ ఉంది, దాని పైన ఆరూ ఇరవై అని సమయం వేసి ఉంది. పక్కన గడియారం బోర్లా పడి, ఆరూ ఇరవై రెండు దగ్గర ఆగిపోయింది. చూడగానే ఎవరికైనా హత్య జరిగిన నిమిషం తెలిసిపోయినట్టే అనిపిస్తుంది. కాని ఆ ఇంట్లోవాళ్ళకు తెలిసిన సంగతి ఒకటుంది: గురువు గారు ఎక్కడికీ ఆలస్యం కాకూడదని ఆ గడియారాన్ని ఎప్పుడూ పావుగంట ముందుకు పెట్టి ఉంచుతాడు. ఆ మాట చెప్పబోతే ఇన్‌స్పెక్టర్ స్లాక్ ఆయన నోరు మూయిస్తాడు. ఒక ఇంటి అలవాటు, దాన్ని వినే ఓపిక లేని అధికారి, ఆ అలవాటు ఎవరెవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్న ప్రశ్న: ఈ మూడింటి మీద క్రిస్టీ ఎన్ని పేజీలు నడిపిందో మీరే చూస్తారు. మీ లెక్కల మాస్టారికి ఈ భాగం నచ్చకపోతే నేను ఆశ్చర్యపోతాను.

జవాబు: మిర్యాలగూడ వకీలు

విచారణ పద్ధతి గురించి అడిగారు గనుక నాకు తెలిసినంత చెబుతాను.

మన దగ్గర అనుమానాస్పద మరణం జరిగితే పోలీసులే వచ్చి, ఆ చుట్టుపక్కల గౌరవంగా బతికే ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది సమక్షంలో శవ పంచనామా రాసి, పంచుల సంతకాలు తీసుకుంటారు. ఇన్నాళ్ళూ ఇది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్ కింద జరిగేది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194వ సెక్షన్ అయింది. ఇంగ్లండులో ఆ పని పోలీసులది కాదు. కరోనర్ అనే వేరే అధికారి, అవసరమైన చోట జ్యూరీని పెట్టుకుని, బహిరంగంగా సాక్షులను విచారించి, చనిపోయినది ఎవరు, ఎట్లా, ఎక్కడ, ఎప్పుడు అన్నది తేలుస్తాడు. ఆ విచారణనే ఇన్‌క్వెస్ట్ అంటారు. అది నేర విచారణ కాదు, శిక్ష వేసే కోర్టూ కాదు. అందుకే నవలలో ఇన్‌క్వెస్ట్ అయిపోయిన తర్వాత కూడా కథ ఆగదు. కల్నల్ మెల్చెట్ ఆ కౌంటీ పోలీసులకంతా పెద్ద. మన జిల్లా ఎస్పీ స్థాయి అనుకుంటే మీకు సరిపోతుంది, అయితే ఆ రోజుల్లో అటువంటి పదవులకు పోటీ పరీక్షలు రాసి వచ్చేవారు కారు, సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్ద కుటుంబాలవారిని తీసుకునేవారు.

చనిపోయిన కల్నల్ ప్రొథెరో సంగతి ఇంకా గమనించదగ్గది. ఆయనను గడిలో దొర అని అనుకుంటే సగమే సరిపోతుంది. ఆయన జీతం లేని స్థానిక మేజిస్ట్రేటు, చర్చి వ్యవహారాలు చూసే పెద్ద కూడా. అడవిలో దొంగతనంగా వేటాడిన పేదవాళ్ళకు కఠినమైన శిక్షలు వేసి శత్రువులను పెంచుకున్నాడు. మన పల్లెల్లో 1980ల మధ్యలో రద్దయ్యేదాకా శిస్తు సంగతులు మాలీపటేలు, పట్వారీ, నేరాల కబురు ఠాణాకు అందించే బాధ్యత పోలీసు పటేలు చూసుకునేవారు. ఒక్క మనిషి చేతిలో భూమి, తీర్పు, గుడి మూడూ ఉన్న ఊరు ఎట్లా ఉంటుందో మా తాతల తరానికి ఒకరు చెప్పనక్కరలేదు. హత్యకు కారణం ఉన్నవాళ్ళు ఊరి నిండా ఉండటానికి ఇదొక మూలం.

మరొక విషయం. నవల ఇంకా మొదటి భాగంలో ఉండగానే ఒకరు తమంత తాముగా పోలీసుల దగ్గరికి వచ్చి, చంపింది నేనేనంటారు. కొద్దిసేపటికి ఇంకొకరు కూడా అదే మాట అంటారు. మన కోర్టులో అయితే పోలీసు అధికారికి చెప్పిన ఒప్పుకోలును నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయడానికి వీల్లేదు. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలో 25వ సెక్షన్ అదే చెప్పింది, కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్ అదే చెబుతుంది. ఇంగ్లండులో బలవంతం లేకుండా స్వచ్ఛందంగా చెప్పినదైతే పోలీసులకు ఇచ్చిన ఒప్పుకోలు కూడా సాక్ష్యంగా చెల్లేది. అది తెలియకపోతే, ఆ ఒప్పుకోళ్ళను చూసి పోలీసులు ఎందుకంత తడబడతారో మన పాఠకుడికి అర్థం కాదు. ఒప్పుకున్నవాళ్ళ మాట గడియారంతో, చీటీతో, డాక్టర్ చెప్పిన సమయంతో కుదురుతుందా లేదా అని మీరూ ఒక కాగితం మీద వేసుకుంటూ చదవండి.

జవాబు: దేవరకొండ పాఠకురాలు

పై ఇద్దరూ చెప్పినవి బాగున్నాయి. అయినా నేను లెక్కల మాస్టారి పక్షమే, కాకపోతే నా కారణం వేరు.

మా పెద్దమ్మ రోజూ సాయంత్రం అరుగు మీద చేట పెట్టుకుని చింతపండు గింజలు తీస్తూ కూర్చునేది. కళ్ళు చేట మీదే ఉన్నట్టుండేవి, కాని బస్సు దిగినవాళ్ళు ఎవరు, ఎవరి చేతిలో సంచి ఉంది, ఎవరు పొద్దున పోయిన దారిన కాకుండా వేరే దారిన వచ్చారు అన్నది రాత్రి అన్నాల వేళకు ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేది. అటువంటి మనిషి డిటెక్టివ్ ఎందుకు కాకూడదు అని మీరు అనవచ్చు. ఒకసారి వాడకట్టులో ఒకరింట్లో వెండి కడియాలు పోయినప్పుడు, మా పెద్దమ్మా ఆమె తోటివాళ్ళూ కలిసి ఒక జీతగాడి పేరు చెప్పారు. వాళ్ళు చూపిన ఆధారం ఒక్కటే: వాడి తాత కూడా అంతే. కడియాలు తర్వాత ఆ ఇంటి ధాన్యపు గుమ్మిలోనే దొరికాయి, కాని ఆ పిల్లవాడు మళ్ళీ మా ఊళ్ళో పనికి నిలవలేదు.

మిస్ మార్పుల్ చెప్పే పోలికలు చదువుతుంటే నాకు అదే గుర్తొస్తుంది. ఈయన ఫలానావాడిలాంటివాడు అన్న మాట హంతకుడిని పట్టిస్తే మనం ఆహా అంటాం, అమాయకుడి మీద పడితే దాన్నే పుకారు అంటాం. పుస్తకంలో ఆమె పోలికలు కుదురుతాయి, ఎందుకంటే రాసింది క్రిస్టీ గనుక. ఊళ్ళో కుదురుతాయన్న హామీ ఎవరిస్తారు? ఆ నవలలోనే చూడండి, హత్య జరగగానే చాలామంది చూపు ఆర్చర్ అనే పేద వేటగాడి మీదికి పోతుంది. జైలుకు పోయి వచ్చినవాడు, పోలీసులకు ముందే తెలిసినవాడు. పనిమనుషులను కూడా రచయిత్రి ఎక్కువగా నవ్వించడానికే వాడుకున్నది. మేరీకి వంట చేతకాకపోవడమే మంచిదని, వంట వస్తే వేరేవాళ్ళు ఎత్తుకుపోయేవారని గ్రిసెల్డా అనే చోట నేనూ నవ్వాను, తర్వాత ఆ నవ్వు నాకే నచ్చలేదు. ఇష్టంగా చదివే పుస్తకమే, కాని ఈ పద్ధతిని పరిశోధన అని పొగడటానికి నా మనసు ఒప్పుకోదు.

నల్లగొండ పాఠకుడు

అందరికీ ధన్యవాదాలు. వకీలు గారు చెప్పిన ఒప్పుకోలు సంగతి మా చర్చలో చాలా పనికొస్తుంది. దేవరకొండ నుంచి రాసిన అమ్మగారి జవాబును మాస్టారికి చదివి వినిపిస్తే, కడియాల సంగతి దగ్గర ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు ఆయన ప్రశ్న కొంచెం మారింది. పోలికతో మొదలుపెట్టడం తప్పు కాదట, లెక్కలోనూ ముందు ఒక ఊహ చేసి తర్వాత రుజువు చేస్తామట. మిస్ మార్పుల్ ఆ రెండో పని చేస్తుందా లేదా, అది చెప్పమంటున్నారు.

జవాబు: పాలమూరు టీచరమ్మ

చేస్తుంది. దేవరకొండ అమ్మగారి అభ్యంతరం బరువైనదే, దాన్ని తీసిపారేయలేను. అయినా కొన్ని తేడాలు చూపిస్తాను.

ఆ వాడకట్టు పెద్దలు ఒక్క పేరు చెప్పి ఆగిపోయారు. మిస్ మార్పుల్ మొదట్లోనే, కల్నల్ చావును కోరుకోగలవాళ్ళు తనకు కనీసం ఏడుగురు కనిపిస్తున్నారని అంటుంది. ఆ ఏడుగురూ ఎవరన్నది వెంటనే చెప్పదు, పాఠకుణ్ణి చాలాసేపు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోనిస్తుంది. ఆమె అనుమానం కింది మెట్టు నుంచి మొదలై అక్కడే ఆగదు, ఊళ్ళో గౌరవం ఉన్నవాళ్ళ దాకా, కథ చెబుతున్న గురువు గారి ఇంటి దాకా వెళుతుంది. మనుషులందరిలోనూ చెడు ఉండవచ్చునని ఆమె నమ్మకం. ఆ నమ్మకం అందరికీ సమానంగా వర్తిస్తుంది గనుక, వాడి తాత కూడా అంతే అనే మాటకు ఇది దూరం. ఆర్చర్ మీద ఊరు పడినంత తేలికగా ఆమె పడదు.

రుజువు సంగతికి వస్తే, ఆమె పోలిక ఎప్పుడూ ఒంటరిగా నిలబడదు. తాను కళ్ళారా చూసిన చిన్న విషయం ఒకటి దానికి ఎదురుగా వస్తుంది: ఎవరు ఏ వైపు నుంచి నడిచి వచ్చారు, అప్పుడు చేతిలో ఏముంది, ఏమి లేదు, ఎంతసేపటికి తిరిగి వెళ్ళారు. పక్కింటి పనిమనిషి విన్న ఒక చిన్న చప్పుడు ఉంటుంది, దాన్ని పోలీసులు లెక్కచేయరు. ఆ పేజీ వచ్చినప్పుడు మాత్రం తొందరపడి తిప్పేయకండి. పనిమనుషుల మాట నవ్వుకే వాడారన్న అభ్యంతరానికి ఇదొక చిన్న జవాబు.

ఇంకొక సంగతి, గుట్టు విప్పకుండా చెప్పగలిగినంత. మిస్ మార్పుల్ తోటపని నెపంతో, పిట్టలను చూసే దుర్బిణి నెపంతో అందరినీ గమనిస్తుందని గురువు గారే ఎగతాళిగా చెబుతాడు. గ్రిసెల్డా అయితే ఊళ్ళో అందరికంటే చెడ్డ నోరు ఆమెదేనంటుంది. అంటే ఆమె ఎప్పుడు ఎక్కడ నిలబడుతుందో, ఎటు చూస్తుందో ఊరందరికీ తెలుసు. ఒక మనిషి ఎప్పుడూ చూస్తూనే ఉంటుందని తెలిసినవాళ్ళు, ఆ చూపును ఏమి చేసుకోగలరు? ఈ ప్రశ్న పెట్టుకుని చదివితే, ఆమె పోలికలను ఎంత నమ్మాలో, ఆమె కళ్ళను ఎంత నమ్మాలో మీకు విడివిడిగా తెలుస్తుంది. నా దృష్టిలో ఈ నవల గొప్పతనమంతా అక్కడుంది. ఆవిడ చూసింది అక్షరాలా నిజమే, దానికి అర్థం చెప్పుకోవడం దగ్గరే చిక్కు.

ఆమె మేనల్లుడు రేమండ్ వెస్ట్ రచయిత, పట్నవాసి. ఈ ఊరిని నిలిచిపోయిన నీటి గుంటతో పోలుస్తాడు. అటువంటి గుంటలోని ఒక్క చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, అంత జీవం ఉన్నది మరొకటి ఉండదని ఆవిడ నెమ్మదిగా జవాబిస్తుంది. ఆ మాట మాస్టారి ముందు పెట్టండి.

జవాబు: దేవరకొండ పాఠకురాలు

టీచరమ్మ గారు చెప్పిన ఏడుగురి సంగతి ఒప్పుకుంటాను. కడియాల రోజున మా పెద్దమ్మ ఇంకో ఆరు పేర్లు కూడా ఆలోచించి ఉంటే, అందులో ఆ ఇంటివాళ్ళ పేరూ ఉండేదేమో. పోలీసులు రుజువు చేయలేనిది ఊరి పెద్దావిడ తేల్చడం కథలోనే ఉండటం మంచిదన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు.

నల్లగొండ బృందానికి ఒక సూచన. ఈ నవల పూర్తయ్యాక వెంటనే ఇంకో నవలకు పోకుండా, 'ది థర్టీన్ ప్రాబ్లమ్స్' అనే కథల పుస్తకం తీసుకోండి. పుస్తకంగా 1932లో వచ్చింది కాని, అందులోని మొదటి కథ 1927లోనే పత్రికలో వచ్చింది. నిజానికి మిస్ మార్పుల్ పుట్టింది ఆ కథలోనే. పుస్తకంలోని మొదటి ఆరు కథల్లో రేమండ్, ఒక చిత్రకారిణి, ఒక వకీలు, ఒక చర్చి గురువు, స్కాట్లండ్ యార్డులో (లండన్ పోలీసుల ప్రధాన కార్యాలయంలో) పెద్ద ఉద్యోగం చేసిన సర్ హెన్రీ క్లిథరింగ్ ఆమె ఇంట్లో కూర్చుని, తమకు తెలిసిన చిక్కుముడులను ఒక్కొక్కరే చెప్పుకుంటారు. మూలన కూర్చుని అల్లిక చేసుకుంటున్న ముసలామెను మొదట ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒక్కో కథ ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. ఒకరు పైకి చదవండి, ఆమె నోరు విప్పబోయే చోట ఆపేయండి, అందరూ తమ తమ అనుమానాలను చీటీల మీద కారణంతో సహా రాయండి. కారణం రాయని చీటీ చెల్లదని ముందే చెప్పండి. మాస్టారికి చీటీలు దిద్దే పని అప్పగించండి.